రెండు లైట్లకు ఒకటే ఫ్యూజు

నేను నౌకరీల ఎప్పుడు చేరిన, ఎప్పుడు పర్మనెంటయిన, ఎవరి సంతకంతోని దిగిపోయిన అన్నయి ఈడ రాయను. అవన్ని సర్వీసు బుక్కుల ఉన్నయి. దాన్ని నాకంటె చెదపురుగులే శ్రద్ధగ చదివినయి. మోటారు కరెంటు పనిలకు కొత్తగ వచ్చెటోళ్ళకు పనికొచ్చేది ఒక్క ముచ్చట నా దగ్గర ఉన్నది, అది రాస్త. నన్ను మంచోణ్ణి చేసుకొని రాయను. ఆ ముచ్చటల మొదటి తప్పు నాదే.

మేం ఉప్పుగూడల ఉండెటోళ్ళం. మా బాపు రైలు పట్టాల మీద గ్యాంగుల పనిచేసిండు. నా పేరు సామేలు. ముప్పై ఏండ్లకు దగ్గర ఒక సర్కారు శాఖ మోటారు షెడ్డుల కరెంటు మిస్త్రీగ చేసిన. శాఖ పేరు చెప్పను. చెప్తె, ఆ శాఖల గిట్ల జరగలేదని ఎవరన్న కాగితం రాస్తరు.

దబీర్‌పురా దుకాణం

పని నేర్చుకున్నది మాత్రం సర్కారుల కాదు. దబీర్‌పురా స్టేషన్ ఇవతల ఖాదర్ ఉస్తాద్ దుకాణం ఉండె. ఒక చెక్క బల్ల, ఒక బ్యాటరీ, గోడకు వేలాడే వైర్ల చుట్టలు. డైనమోలు, హారన్లు, లైట్లు బాగుచేసెటోడు. అరవైల ఆఖరున ఆయన దగ్గర మూడేండ్లు పనిచేసిన.

ఉస్తాద్‌కు చదువు రాదు. కాని బండి బానెట్ తెరిస్తె ఏ వైరు ఏడికి పోతదో కండ్లు మూసుకొని చెప్పెటోడు. ఫ్యూజు పోయిన బండి వస్తె వెంటనే కొత్త ఫ్యూజు వెయ్యనిచ్చెటోడు కాదు.

"సామేల్, ఫ్యూజ్ ఏంది? చచ్చుడే దాని నౌకరీ. అది దాని డ్యూటీ చేసింది. నువ్వు నీ డ్యూటీ చెయ్యి. ఎవడు చంపిండో పహలే దేఖ్, ముందు అది చూడు."

బయట గిరాకీ మనిషి గడియారం చూస్కుంట నిలబడి ఉంటే, ఈయన ఫ్యూజు ఉండే జాగల ఒక చిన్న బల్బు కలిపి, బండి వైర్లను ఒక్కొక్కటి పట్టుకొని ఊపుతుండె. ఎక్కడ ఊపితే బల్బు వెలుగుతదో అక్కడ వైరు రేకుకు తగులుతున్నట్టు. అది దొరికినంక తోలు కప్పి, టేపు చుట్టి, అప్పుడు ఫ్యూజు వేసెటోడు. గిరాకీలు మస్తు తిట్టుకునెటోళ్ళు. పక్క వీధిల ఇంకో మిస్త్రీ ఒక్క నిమిషంల లైటు వెలిగించి పంపిస్తడని నేనే ఉస్తాద్‌కు చెప్పిన.

"అవును," అన్నడాయన, "వాని దగ్గరికి అదే బండి వారం వారం వస్తది. వానికి గిరాకీ ఎక్కువ."

ఆ మాటల ఉన్న ఎత్తిపొడుపు నాకు అర్థమయింది. కాని నాకు ఆ పక్క వీధి మిస్త్రీ తెలివే మస్తు నచ్చింది.

రెండు నిమిషాల సామేలు

షెడ్డుల చేరేనాటికి అక్కడ జీపులు, పాత కార్లు కలిపి ఒక పెద్ద మంద ఉండె. సగం బండ్లకు నాకంటె వయసు ఎక్కువ. వాటిల్ల ఒక గుణం అందరికి తెలిసిందే. హెడ్‌లైట్లు రెండింటికి కలిపి ఒకటే ఫ్యూజు. ఎడమ లైటు వైరు ఎక్కడన్న రేకుకు తగిలి ఫ్యూజు పోతె, ఏ పాపం తెలియని కుడి లైటు కూడ దానితోని పోతది. బండి నడుస్తుంటనే ముందట చీకటయితది. తయారు చేసినోళ్ళు ఒక ఫ్యూజు మిగిలించుకున్నరు. మిగిలిన సంగతి డ్రైవర్ కండ్లకు ఒప్పజెప్పిన్రు.

ఇగ స్టోర్స్‌ల ఫ్యూజులు దొరకయి. ఇండెంటు రాస్తె ఆరునెలలకు వస్తయి, వచ్చినప్పుడు వేరే బండివి వస్తయి. అందుకని షెడ్డుల ఒక రివాజు ఉండె. సిగరెట్ డబ్బాల ఉండే వెండి కాగితం మడిచి, పోయిన ఫ్యూజుకు చుట్టి, పెట్టుడు. లైటు వెలుగుతది. డ్రైవర్ సలాం చేస్తడు.

ఈ పనిల నన్ను మించినోడు లేకుండె. నా జేబుల ఎప్పుడు వెండి కాగితాలు ఉండెటియి. నేను సిగరెట్ తాగ, కాని నా జేబు చూసిన మా పాస్టరు గారు ఒకసారి మా అమ్మను పక్కకు పిలిచి అడిగిండు. బండి వచ్చిన రెండు నిమిషాలల్ల పంపించెటోణ్ణి. అందుకని నాకు "రెండు నిమిషాల సామేలు" అని పేరు పడ్డది. ఆ పేరు విని నేను ఉబ్బిపోయిన. ఇప్పుడు తలుచుకుంటె సిగ్గయితది, కాని అప్పుడు నా పెండ్లి సంబంధంల కూడ మా మేనమామ ఆ పేరు చెప్పిండు.

షెడ్డుకు ఇంజనీరు కృష్ణమూర్తి సారు. గుంటూరు దిక్కు మనిషి. ఇస్త్రీ చొక్కా, జేబుల రెండు పెన్నులు, ప్రతి బండి డ్రాయింగు ఆయన బీరువల భద్రం. చెడ్డోడు కాదు. బండి కంటె డ్రాయింగు మీద నమ్మకం ఎక్కువ, అంతే.

"సామేలూ, నువ్వు ఉన్నావు కాబట్టి బళ్ళు ఆగడం లేదయ్యా," అనెటోడు.

నిజమే. ఆగాల్సిన బండ్లు కూడ ఆగలేదు.

బీడీ తాగనోని బీడీ

నర్సింహన్న మా షెడ్డుల జీపు డ్రైవర్. నాకంటె పదేండ్లు పెద్ద. మాట తక్కువ, చెయ్యి శుభ్రం. జీపును రోజు తుడిచి, అద్దంల మొఖం చూసుకొని బయటికి తీసెటోడు. ఆయన జీపుకు వారంల రెండు మూడు సార్లు లైట్ల ఫ్యూజు పోతుండె. వెండి కాగితం పెట్టిన. అదీ కాలిపోయింది. మళ్ళ పెట్టిన. మళ్ళ కాలింది.

నెల దినాలు గిట్లనే నడిచినంక ఆయన అడిగిండు. "సామేలు, ఎందుకు పోతున్నదో ఒకసారి చూడరాదు?"

"ఫికర్ చెయ్యకే అన్నా, ఈసారి పోకుండ పెడ్త," అన్న.

పెట్టిన. ఒక లావు వైరు తోలు తీసి, లోపలి రాగి తీగలను కలిపి మెలేసి, ఫ్యూజు జాగల బిగించిన. అది నిజంగనే పోలేదు. నా ముప్పై ఏండ్ల పనిల అంత గట్టిగ నిలబడ్డది ఇంకోటి లేదు.

నాలుగు రోజులకు, పొద్దు కుంకుతుంటె, చాంద్రాయణగుట్ట దాటినంక నర్సింహన్న లైట్లు వేసిండు. కొంచెం దూరం పోయినంక డ్యాష్‌బోర్డు కింద పొగ వచ్చింది. ఎక్కడనో వైరు రేకుకు తగిలింది. ఫ్యూజు ఉంటె అది కాలి అక్కడికి ఆగిపోవాలె. ఫ్యూజు జాగల ఉన్న నా రాగి తీగ కాలలేదు కాబట్టి, వైరు మొత్తం కాలుడు మొదలుపెట్టింది. ఆయన బండి ఆపి, లోపల చెయ్యి పెట్టి, మండుతున్న వైర్లను వట్టి చేతితోని గుంజి తెంపిండు. జీపు దక్కింది. కుడి అరచేతి తోలు ఊడిపోయింది.

మరునాడు షెడ్డుల లొల్లి. సర్కారు బండి కాలితే కారణం కావాలె. కారణం రాసేటోళ్ళు జీపు దగ్గరికి రాకుండనే కారణం రాసిన్రు. డ్రైవర్ బీడీ తాగి పడేసిండు, అందుకని అంటుకున్నది. నర్సింహన్నను సస్పెండ్ చేసిన్రు.

నర్సింహన్న జన్మల బీడీ ముట్టనోడు. ఆయన తమ్ముడు బీడీలు తాగి దగ్గుతోని పోయిండని, బండిల ఎవరన్న అగ్గిపుల్ల గీస్తె దింపెటోడు. ఈ సంగతి షెడ్డుల అందరికి తెలుసు. తెలిసినోళ్ళందరు తలకాయ ఊపిన్రు, "పాపం" అన్నరు, పనికి పోయిన్రు.

నేను కూడ పోయిన. ఇది రాయాలె కాబట్టి రాస్తున్న. మూడు రోజులు నోరు మూసుకున్న. నాకు కొత్తగ పెండ్లయింది, నౌకరీ పోతె ఏంది గతి అనుకున్న. నాలుగో రోజు ఆయనను చూద్దామని పోయిన. అరుగు మీద కూసొని ఉన్నడు. కుడి చెయ్యి కట్టుతోని ఉన్నది. భార్య అన్నం కలిపి నోట్ల పెడుతున్నది. నన్ను చూసి ఆమె పక్కకు జరిగి, "కూసో తమ్మీ, నువ్వు తింటవా?" అని అడిగింది. తిట్టినా బాగుండు.

నర్సింహన్న నా మొఖం చూసి అడిగిండు. "అండ్ల ఏం పెట్టినవు సామేలు?"

"రాగి తీగ," అన్న.

ఆయన మళ్ళ నోరు తెరిచి ముద్ద తీసుకున్నడు. నేను లేచి వచ్చిన.

విచారణ

సీదా కృష్ణమూర్తి సారు గదికి పోయిన. చెప్పిన. ఆయన పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళ పెట్టిండు.

"రాగి తీగా? స్టోర్సులో నీకు రాగి తీగ ఇష్యూ చేశారా?"

"లేదు సార్."

"ఫ్యూజు ఇష్యూ చేశారా?"

"లేదు సార్, స్టోర్స్‌ల లేకుండె."

"మరి రికార్డు ప్రకారం నువ్వు ఆ బండికి ఏమీ పెట్టలేదు. పెట్టనిదాని వల్ల నిప్పెలా అంటుకుంటుందయ్యా?"

ఆయన ఎగతాళికి అనలేదు. నిజంగనే నన్ను కాపాడదామని అన్నడు. అందుకనే ఆ మాటకు జవాబు చెప్పుడు కష్టమయింది.

"సార్, బీడీ కూడ స్టోర్స్ ఇష్యూ చెయ్యలేదు కద," అన్న.

ఆయన బల్ల మీది ఫైలు దగ్గరికి గుంజుకున్నడు. తర్వాత, "విచారణ అధికారి ముందు చెప్తావా?" అని అడిగిండు. చెప్త అన్న.

విచారణ దినం కాలిన ఫ్యూజు డబ్బా పట్టుకపోయిన. డబ్బా చుట్టు నల్లగ బొగ్గయింది. వైర్ల తోలు కారి గడ్డ కట్టింది. నడుమ నా రాగి తీగ ఒక్కటి ఏం కాకుండ ఉన్నది. పై ఆఫీసు నుంచి వచ్చిన పెద్దమనిషి కళ్ళజోడు సవరించుకొని దాన్ని చూసిండు.

"అన్నీ కాలాయి, ఇది కాలలేదు. అంటే ఇదొక్కటే నాణ్యమైనది అన్నమాట?"

"అదొక్కటే కాలాల్సింది సార్," అన్న. "అది కాలి ఉంటె మిగిలినయి కాలెటియి కాదు. అది పెట్టింది నేను."

ఆయనకు ఈ సంగతి మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. మూడోసారి అర్థమయింది. అర్థమయినంక ఆయనకు నా మీద కోపం వచ్చింది. ఎందుకంటె రాసిపెట్టిన రిపోర్టు మళ్ళ రాయాలె.

నర్సింహన్నను డ్యూటీలకు తీసుకున్నరు. నాకు ఒక ఇంక్రిమెంటు కోసిన్రు. షెడ్డుల కొందరు నాతోని మాట్లాడుడు బంద్ చేసిన్రు. నేను నిజం చెప్పి అందరి మీదికి తెచ్చిన్నట. రిపోర్టు చివర ఒక వాక్యం మాత్రం మాకు పనికొచ్చింది: "తగిన ఫ్యూజులు వాడవలెను." ఆ ఒక్క ముక్క పట్టుకొని బజార్ల ఫ్యూజులు కొననీకి కృష్ణమూర్తి సారు సంతకం పెట్టిండు.

నాలుగు ఫ్యూజులు

కొత్త ఫ్యూజు పెట్టినంత మాత్రాన పని అయిపోదు. అది ఎందుకు పోతున్నదో తెలవాలె. ఉస్తాద్ దగ్గరికి పోయిన. జరిగింది చెప్పిన. ఆయన తిట్టలేదు. టీ తెప్పించి, నేను తాగినంక, "చల్," అని నాతోని షెడ్డుకు వచ్చిండు. సర్కారు షెడ్డుల కాలు పెట్టుడు ఆయనకు అదే మొదటిసారి. గేటు కాడ ఆయన పేరు "సందర్శకుడు" అని రాసుకున్నరు.

కాలిన జీపు ముందట ఇద్దరం కూసున్నం. ఉస్తాద్ వైర్ల వెంబడి వేలు పెట్టుకుంట పోయిండు. రేడియేటర్ పక్క రేకుల ఒక బెజ్జం ఉన్నది, లైటు వైర్లు దాంట్లకెల్లి పోతయి. బెజ్జంల రబ్బరు ఉంగరం ఉండాలె. ఇంజను వేడికి అది ఎండి, పలిగి, రాలిపోయింది. రేకు అంచు వైరును రోజు కొంచెం కొంచెం కోస్తున్నది. బండి గుంతల పడ్డప్పుడల్ల వైరు రేకుకు తగులుతది, ఫ్యూజు పోతది. అంతే సంగతి. దీన్ని దొరికించుకోనీకి పావుగంట పట్టింది. నేను నెల దినాలు వెండి కాగితాలు మడిచిన.

ఇంకా ఉన్నయి. లైట్లకు కరెంటు బ్యాటరీకి వాపస్ పొయ్యే ఎర్త్ వైరు వేరే లేదు, తుప్పు పట్టిన మడ్‌గార్డే ఎర్త్. ఫ్యూజు పట్టే క్లిప్పులు వదులయి వేడెక్కుతున్నయి. లైట్లు తినే కరెంటంత డ్యాష్‌బోర్డు మీద ఉన్న చిన్న స్విచ్చిల నుంచే పోతున్నది.

మేం అనుకున్నది ఇది. బెజ్జాలకు పాత ట్యూబు రబ్బరు కోసి గట్టిగ కూసోపెట్టాలె. ఒక్కో లైటుకు సొంత ఎర్త్ వైరు బ్యాటరీ దాక తేవాలె. స్విచ్చి మీద బరువు పడకుండ పెద్ద కరెంటును తామే కలిపే రిలేలు, హారన్‌కు వాడేటియి, రెండు పెట్టాలె. అసలుది ఏందంటె, ఎడమ లైటు ఫ్యూజు వేరు, కుడి లైటు ఫ్యూజు వేరు. దూరం లైటు, దగ్గరి లైటు లెక్క చూస్తె మొత్తం నాలుగు. ఒకటి పోతె మిగిలినయి వెలుగుతయి.

కృష్ణమూర్తి సారుకు కాగితం మీద గీసి చూపించిన.

"ఒక్క ఫ్యూజుకే దిక్కు లేకపోతే నాలుగా?" అన్నడు. "కంపెనీ డ్రాయింగులో ఒకటే ఉంది. వాళ్ళ కంటే నీకూ, ఆ దబీర్‌పురా ఆయనకీ ఎక్కువ తెలుసా?"

"మాకు ఎక్కువ తెలువది సార్. మేం కాలినంక చూసినం, వాళ్ళు కాలకముందు గీసిన్రు."

చివరికి ఒక్క బండికి చేసి చూపించమన్నడు. ఏ బండి? ఎట్లాగు పనికిరాని బండి. అంటె నర్సింహన్న జీపే.

నర్సింహన్న జీపు ముందట అడ్డం నిలబడ్డడు. "నువ్వు దూరం ఉండు. నా చెయ్యి మానింది గిప్పుడే."

నేను చేతిలున్న సామాను కింద పెట్టిన. అప్పుడు ఆయనే అన్నడు. "చేస్తె నా ముందట చెయ్యాలె. ఏ వైరు ఏందో నాకు చెప్పుకుంట చెయ్యాలె. నాకు తెలువంది ఒక్కటి కూడ ఇందుల ఉండొద్దు."

అట్లనే చేసిన. నా పని పదింతలు నెమ్మదయింది. ఎర్ర వైరు ఎందుకు, నల్లది ఎందుకు, రిలే టక్కుమని ఎందుకు అంటది, అన్ని అడిగిండు. రెండో దినం నేను రిలే ఎర్త్ వైరును రేకుకు, రంగు మీదనే బిగిస్తుంటె ఆయనే ఆపిండు. "రంగు గీకలేదు కద, కరెంటు ఎట్ల పోతది?" అన్నడు. గీకిన. నా పనికి అంతకంటె మంచి తనిఖీ మళ్ళ ఎన్నడు జరగలేదు. మీరు కూడ ఎవరి ప్రాణం ఆ బండిల కూసుంటదో ఆ మనిషిని పక్కన పెట్టుకొని పనిచెయ్యున్రి. సూపర్వైజర్ సంతకం కంటె అది గట్టిది.

రిజిస్టర్ లెక్క

నర్సింహన్న జీపు తర్వాత ఇంకో నాలుగు బండ్లకు చేసినం. మూడు నెలలకు కృష్ణమూర్తి సారు పిలిచిండు. బల్ల మీద ఫిర్యాదుల రిజిస్టర్ తెరిచి ఉన్నది.

"చూడవయ్యా నీ ఘనకార్యం. ఆ బళ్ళకి లైటు ఫిర్యాదులు రెండింతలయ్యాయి!"

చూసిన. నిజమే. ఇంతకముందు వెండి కాగితం కాలితె రిజిస్టర్‌ల రాయకుండనే రెండు నిమిషాలల్ల ఇంకోటి పెట్టి పంపుడే, రాగి తీగయితె పొయ్యేదే కాదు, కాబట్టి ఫిర్యాదు లేదు. వైరు కాలిందాక అంత సల్లగ ఉండేది. ఇప్పుడు అసలైన ఫ్యూజులు ఉన్నయి. ఎక్కడ చిన్న తేడా ఉన్నా ఒక ఫ్యూజు పోతది, డ్రైవర్ ఒక లైటుతోని వచ్చి రాపిస్తడు. మేం ఆ తేడా వెతికి బాగుచేస్తం. రిజిస్టర్‌ల మాత్రం అది "లైటు పోయింది" అనే పడ్తది. బండి ఎంత భద్రమయితె కాగితం మీద అంత అధ్వాన్నం అయింది.

"పై ఆఫీసు వాళ్ళు అంకెలే చూస్తారు. ఈ నెలాఖరుకి పాత పద్ధతికి మార్చెయ్యండి," అన్నడు సారు.

నేను వాదించిన. వినలేదు. బయటికి వచ్చి నర్సింహన్నకు చెప్పిన. ఆయన జీపు బానెట్ మీద చెయ్యి పెట్టి నిలబడ్డడు. "నెలాఖరు ఇంకా రాలేదు కద," అన్నడు.

ఆ వారంలనే సారు శ్రీశైలం రోడ్డు దిక్కు ఒక పని చూడనీకి పోయిండు. బండి నర్సింహన్నది. వాపస్ వస్తుంటె సాయంత్రం వాన పట్టుకున్నది. మబ్బుకు జల్దిన చీకటయింది. ఒక మలుపు కాడ చక్రం గుంతల పడ్డది. ఎడమ లైటుల నీళ్ళు పోయి, దాని ఫ్యూజు పోయింది. ఎడమ దిక్కు చీకటి. కుడి లైటు వెలుగుతనే ఉన్నది. ఆ ఒక్క లైటు వెలుగుల నర్సింహన్నకు రోడ్డు నడుమ ఆగిన ఎడ్లబండి కనపడ్డది. చక్రం ఊడి ఒక పక్కకు ఒరిగింది. బండి కింద వానకు తలదాచుకొని ఒక ఆడమనిషి, ఇద్దరు పిల్లలు కూసొని ఉన్నరు.

బ్రేకు వేసిండు. జీపు జారి, ఎడ్లబండికి మూరెడు దూరంల ఆగింది.

ఇది నేను చూడలేదు. మరునాడు నర్సింహన్న చెప్పిండు. సారు దిగి, వానల, జీపు ముందటికి పోయి నిలబడ్డడట. వెలిగే లైటును చూసిండు, ఆరిపోయిన లైటును చూసిండు. ఇస్త్రీ చొక్కా తడిసి ముద్దయింది. "ఒకటి పోయిందా?" అని అడిగిండట.

"ఒకటే పోయింది సార్," అన్నడట నర్సింహన్న.

తర్వాత ఇద్దరు కలిసి ఆ ఎడ్లబండిని రోడ్డు పక్కకు నెట్టిన్రట. పిల్లలను, తల్లిని జీపుల ఎక్కించుకొని ఊర్ల దింపి వచ్చిన్రట.

రెండు రోజులకు నోటీసు బోర్డు మీద ఆర్డరు వచ్చింది. షెడ్డుల ఉన్న అన్ని బండ్లకు వేరువేరు ఫ్యూజులు పెట్టాలె. కింద రాసి ఉన్నది: "ఇంజనీరు శ్రీ కృష్ణమూర్తి గారి రూపకల్పన ప్రకారము." నా పేరు లేదు. ఉస్తాద్ పేరు అసలే లేదు. నర్సింహన్న అది చదివించుకొని అంత గట్టిగ నవ్వుడు నేను అదే మొదటిసారి చూసిన.

నాకు కోపం రాలేదంటె అబద్ధం. కాని ఆ పేరు ఉండబట్టి పై ఆఫీసు ప్రశ్న అడగలేదు. సామేలు పేరు ఉంటె మూడు కమిటీలు కూసునెటియి, బండ్లు అట్లనే ఉండెటియి. ఉస్తాద్‌కు చెప్తె, "లైట్ జల్తా నా?" అన్నడు. వెలుగుతున్నయి అన్న. "ఫిర్ బస్," ఇగ చాలని తన పనిల పడ్డడు.

ఒక్క ఏడాదిల బండ్లన్ని పూర్తి చేసినం. ఫిర్యాదులు మొదట్ల ఇంకా పెరిగినయి, వైర్లల్ల దాగున్న తేడాలన్ని బయటపడ్డంక తగ్గినయి. తగ్గినయని పై ఆఫీసు సారుకు మెచ్చుకోలు కాగితం పంపింది.

మేకు

కృష్ణమూర్తి సారుకు ట్రాన్స్‌ఫర్ అయిన నెల. ఒక ఆదివారం తన సొంత కారు షెడ్డుకు తోలుకొచ్చిండు. పాత కారు, లేత ఆకుపచ్చ రంగు. రోజు పిల్లలను బడికి దింపేది దాంట్లనే.

"దీనికి కూడా చేసిపెట్టవయ్యా. ఊరు మారుతున్నాం, దూర ప్రయాణం," అన్నడు.

బానెట్ తెరిచిన. ఫ్యూజు డబ్బా మూత తీసిన. లైట్ల ఫ్యూజు జాగల ఒక మేకు ఉన్నది. చెక్కకు కొట్టే మామూలు ఇనుప మేకు. నేను సారు దిక్కు చూడలేదు. చూడకుండ ఉండుడే మర్యాద అనిపించింది.

"నేనే పెట్టాను," అన్నడాయన. "ఫ్యూజు దొరకలేదు. తెల్లారితే పిల్లల్ని బడికి దింపాలి."

"ఎప్పుడు పెట్టిన్రు సార్?"

"నువ్వు విచారణలో మాట్లాడిన ఏడాది."

అంటె నా రాగి తీగ గురించి ఆయన విన్న రోజులల్ల, కంపెనీ డ్రాయింగు గురించి నాకు చెప్పిన రోజులల్ల, ఈ మేకు ఈడ్నే ఉన్నది. ఆయన భార్య, పిల్లలు దీని మీదనే తిరిగిన్రు. ఏమన్న అందామని నోటిదాక వచ్చింది. ఆయన మొఖం చూస్తె, నేను అనాల్సింది ఆయన ఎప్పుడో అనుకున్నట్టు కనపడ్డది.

కట్టింగ్ ప్లేయర్‌తోని మేకును పీకి బల్ల మీద పెట్టిన. పనికి కూసున్న. సారు ఇంటికి పోతడనుకున్న, పోలేదు. చొక్కా చేతులు మడిచి నా పక్కన నేల మీద కూసున్నడు. జేబుల పెన్నులు తీసి కారు సీటు మీద పెట్టిండు. లైటు గిన్నె పట్టుకోన్రి సార్ అంటె పట్టుకున్నడు. కొంచెంసేపటికి ఒక నల్ల వైరును వేలుతోని చూపించి, "సామేలూ, ఇది ఎక్కడికి పోతుందయ్యా?" అన్నడు.

ఆరేండ్లల్ల ఆయన నా పని తెలుసుకోనీకి నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. చెప్పిన.